పని ముగిసిన పిదప కరగిపోవు పదార్థము
(జీవవిచ్ఛేద్య పాలియురిథేనులను గుఱించి యొక పాఠము)

శాశ్వతముగా నిలుచు వస్తువే మేలైన వస్తువని మనము సాధారణముగా తలంచుచుందుము. ఇల్లు కట్టువాడు చెదలు పట్టని దూలమును కోరును. వల పన్నువాడు చివుకని దారమును కోరును. అయితే తన పని తీరిన పిదప నశించుటయే మేలగు వస్తువులును కొన్ని గలవు. వైద్యుడు రోగి శరీరములో అమర్చు వస్తువులలో అనేకము ఈ జాతికి చెందినవి. అట్టి వస్తువులను ఎట్లు చేయుదురో, చేసిన పిదప ఎట్లు పరీక్షింతురో ఈ వ్యాసమున వివరింపబడును.

దెందులూరునుండి దక్షిణముగా సాగి కొల్లేటి తీరమునకు పోయినవారు అచ్చట ఒక చిన్న సంగతిని గమనింపవచ్చును. నీటిలో పడియున్న గోనెనార త్రాడు కొంతకాలమునకు మెత్తబడి, చేతితో లాగినంతనే తెగిపోవును. దాని ప్రక్కనే బురదలో చిక్కుకొనిన నైలాను వలముక్క ఏండ్లు గడచినను చెక్కుచెదరక యుండును. నీరు ఒక్కటే, ఎండ ఒక్కటే. భేదమంతయు ఆ రెండు వస్తువుల అణువుల అమరికయందే యున్నది. మన శరీరము సైతము ఒక విధమైన సరస్సు వంటిదే. అది 37 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము గలది, ఉప్పు కలిసినది, జీవకణములతో నిండినది. ఆ సరస్సులో గోనెత్రాడువలె తగిన కాలమున అరుగునదియు, అరిగినపుడు నీటిని విషము చేయనిదియు అగు పదార్థము కావలెను. ఇదియే రసాయనజ్ఞుల యెదుట నున్న సమస్య.

1. ఇట్టి పదార్థము ఎందులకు?

ఈ యాలోచన క్రొత్తది కాదు. చీలిన ప్రేగును పెద్ద చీమలచేత కఱపించి, వాటి తలలను మాత్రము అచ్చటనే విడిచి, గాయమును మూయు పద్ధతి సుశ్రుతసంహితయందు చెప్పబడియున్నది. తరువాతి కాలమున గొఱ్ఱె మొదలగు జంతువుల ప్రేగులనుండి తీసిన తంతువులతో వైద్యులు లోపలి గాయములను కుట్టుచుండిరి. 1970వ సంవత్సరమున గ్లైకాలిక్ ఆమ్లమునుండి కృత్రిమముగా చేయబడి, శరీరములో కరగిపోవు కుట్టుదారము అమెరికాలో విక్రయమునకు వచ్చినది. దానిని చేసిన డేవిస్ అండ్ గెక్ సంస్థయు, మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిన లెడర్లీ ప్రయోగశాలలును, అమెరికన్ సయనమిడ్ అను ఒకే సంస్థకు చెందినవి.

కుట్టుదారము సన్నని వస్తువు. కాలిన చర్మమునకు దారము చాలదు. పొయ్యికడ చీరకొంగు అంటుకొని ఒడలు కాలిన స్త్రీలను, మరుగు గంజి మీదపడిన పసిబిడ్డలను మనయూళ్లలో చూడనివారు అరుదు. చర్మము పూర్తిలోతున కాలినచో అది తనంతట తాను మఱల మొలవదు. అచ్చట క్రొత్త మాంసమును రక్తనాళములును అల్లుకొనుటకు ఒక పందిరి కావలెను. చిక్కుడుతీగకు కట్టెల పందిరి ఎట్లో, జీవకణములకు ఆ మెత్తని పందిరి అట్లు. తీగ బలపడిన పిదప పందిరి తనంతట తానే తొలగిపోవలెను. దానిని తీయుటకై మఱొక శస్త్రచికిత్స చేయరాదు.

ఇది కేవలము ఊహ కాదు. ఆస్ట్రేలియా దేశమున ఆడిలెయిడు నగరపు రాయల్ ఆస్పత్రిలో కాలినగాయముల వైద్యుడగు జాన్ గ్రీన్‌వుడ్ గారి కృషితో, నోవోసోర్బ్ అను పాలియురిథేను నురుగుపొర చికిత్సలోనికి వచ్చినది. అది 2 మిల్లీమీటర్ల మందము గలది. దానిపై నొక పలుచని పొర గాయము తడియాఱకుండ కాపాడును. నురుగురంధ్రములలో మాంసము అల్లుకొనిన పిదప ఆ పైపొరను తీసివేసి, రోగి చర్మమునుండియే తీసిన సన్నని పొరను అతుకుదురు. లోపలి నురుగు సుమారు 18 నెలలలో శరీరమున కరగిపోవును. 2015లో అమెరికా ప్రభుత్వపు ఔషధాధికారులు దీనిని అనుమతించిరి.

2. పాలియురిథేను అనగానేమి?

కుర్చీదిండులోని స్పంజి, పాదరక్షల అడుగుభాగము, రిఫ్రిజిరేటరు గోడల నడుమనున్న గట్టినురుగు — ఇవి తఱుచుగా పాలియురిథేనులే. 1937లో జర్మనీ దేశమున లెవర్‌కూసెన్ పట్టణమునందు ఆటో బేయర్ అను రసాయనజ్ఞుడును అతని సహచరులును దీనిని మొదట కనుగొనిరి.

దీనికి రెండు జాతుల ద్రవ్యములు కావలెను. మొదటిదానిలో ఆమ్లజని, ఉదజని పరమాణువుల జంటలు కొక్కెములవలె వ్రేలాడుచుండును. ఇట్టి ద్రవ్యమునకు పాలియాలు అని పేరు. రెండవదానిలో నత్రజని, కర్బనము, ఆమ్లజని పరమాణువులు ఒక్కొక్కటి వరుసగా చేరి ఐసోసయనేటు అను సమూహముగా నుండును. ఈ రెండును కలిసినపుడు కొక్కెము కొక్కెమునకు తగులుకొని పొడవైన గొలుసు ఏర్పడును. ఆ ముడికే యురిథేను ముడి యని పేరు.

ఐసోసయనేటునకు నీరు తగిలినచో బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఆ వాయువు బుడగలుగా పొంగుటచేతనే స్పంజి నురుగుగా నేర్పడును. ఇడ్లీపిండిని పొంగించు వాయువును ఇదియే. అచ్చట సూక్ష్మజీవులు చేయు పనిని ఇచ్చట రసాయనము చేయుచున్నది.

అయితే ఐసోసయనేటు సామాన్యమైన వస్తువు కాదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి భోపాలు నగరమున వేలకొలది జనులను బలిగొనిన మిథైల్ ఐసోసయనేటు ఈ సమూహమును గలదే. పాలియురిథేనులకు వాడు ఐసోసయనేటులు వేఱు. వానిలో అనేకము అంత సులభముగా ఆవిరి కావు. అయినను వాని ఆవిరి ఊపిరితిత్తులకు హానికరము. గొలుసులో ముడిపడిన పిదప ఆ గుణము పోవును. కావున శరీరములో పెట్టు పదార్థమున ముడిపడక మిగిలిన ఐసోసయనేటు లేకుండ చూచుట తయారుచేయువాని మొదటి ధర్మము.

3. పూర్వము జరిగిన పొరపాటులు

1967లో అమెరికాకు చెందిన బొరెటాస్, పియర్స్ అను ఇరువురు, గట్టిభాగములును మెత్తనిభాగములును వరుసగా గల పాలియురిథేను హృదయసంబంధమైన పరికరములకు తగియుండునని ప్రకటించిరి. అది రబ్బరువలె సాగును, వేలమారులు వంగినను విఱుగదు. పిమ్మట గుండెకు విద్యుత్తును అందించు తీగలపై దీనిని తొడుగుగా వాడిరి. కాని 1980 దశకమున అట్టి తొడుగులు కొన్ని శరీరములో బీటలువారుట కనబడినది. శరీరపు రక్షకకణములు విడుచు తీక్ష్ణద్రవ్యములును, లోపలి తీగనుండి వెడలిన లోహకణములును ఆ పదార్థమును కొఱికివేసినవని తేలినది. స్థిరముగా నుండవలసినది అరిగినది.

మఱొక సంగతి ఇంతకంటెను గంభీరమైనది. స్త్రీల వక్షఃస్థలమున అమర్చు కృత్రిమావయవములు కొన్నిటికి పాలియురిథేను నురుగు తొడుగు వేయుచుండిరి. ఆ నురుగు క్రమముగా విచ్ఛిన్నమై, జంతువులలో పుట్టకురుపును కలిగించు ఒకానొక అమీనును విడుచునేమో యను భయము కలిగినందున, 1991లో అమెరికాలో వాని విక్రయము నిలిచిపోయినది. తరువాతి పరిశోధనలలో ఆ అపాయము బహుస్వల్పమని తేలినది. అయినను అప్పటికే వానిని ధరించియుండిన స్త్రీలు పడిన ఆందోళనకు లెక్క కట్టుట యెవరి తరము?

ఈ రెండు సంగతులును ఒకే పాఠమును బోధించుచున్నవి. వస్తువు అరుగునా, అరుగదా యని అడిగినంత చాలదు. అరిగిన పిదప ఏమగునని అడుగవలెను. జీవవిచ్ఛేద్య పాలియురిథేనుల శాస్త్రమంతయు ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమే.

4. భాగముల యెన్నిక

గొలుసు తెగినపుడు దాని రెండు జాతుల భాగములు బయటపడును. కావున బయటపడినను హాని చేయని భాగములను మొదటనే యెన్నుకొనవలెను.

మొదట ఐసోసయనేటు. స్పంజి కార్ఖానాలలో వాడు సుగంధజాతి ఐసోసయనేటులు తెగినపుడు, పైని చెప్పిన భయంకరమైన అమీనులు వచ్చుటకు అవకాశము గలదు. అందుచే వానికి మారుగా లైసిను అను ద్రవ్యమునుండి చేసిన ఐసోసయనేటును అనేకులు ఎన్నుకొనిరి. లైసిను మనకు పరాయిది కాదు. వరియన్నములో కొఱతపడి, కందిపప్పు, పెసరపప్పులలో సమృద్ధిగా నుండు ఆహారద్రవ్యమే లైసిను. పప్పన్నము తినువానికి బలము వచ్చుటకు ఒక కారణము ఇదియే. దీనితో చేసిన గొలుసు తుదకు లైసినునే విడుచును. శరీరము దానిని ఆహారమువలె వినియోగించుకొనును.

రెండవది పాలియాలు. యురిథేను ముడి నీటిలో సులభముగా విడదు. కావున నీటివలన విడు ఎస్టరు ముడులు గల పాలియాలును వాడుదురు. లాక్టిక్ ఆమ్లముతో చేసినది తుదకు లాక్టిక్ ఆమ్లముగా విడును. పెరుగు పులుపునకు కారణము ఇదియే, పరుగెత్తిన బాలుని కండరములలో పుట్టునదియు ఇదియే. గ్లైకాలిక్ ఆమ్లపు గొలుసు కొలది నెలలలో అరుగును. కాప్రోలాక్టోను గొలుసు రెండేండ్లకు పైగా నిలుచును. వీనిని తగుపాళ్లలో కలిపి కాలమును కుదుర్చుకొందురు. చర్మమునకొక కాలము, ఎముకకొక కాలము.

ఇచ్చట మన పొలముగట్లపై పెరుగు ఆముదపుచెట్టు జ్ఞప్తికి వచ్చును. తక్కిన నూనెలలో సాధారణముగా లేని ఆమ్లజని–ఉదజని కొక్కెములు ఆముదమునందు సహజముగానే యున్నవి. దానిలోని క్రొవ్వుటామ్లములలో నూటికి 85 మొదలు 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లము. ప్రతి రిసినోలిక్ ఆమ్లపు అణువునకు అట్టి కొక్కెము ఒకటి గలదు. ఈ హేతువుచే ఆముదము స్వయముగా ఒక పాలియాలు. గింజలోని రిసిను అను ఘోరమైన విషము పిండిలో నిలిచిపోవును గాని నూనెలోనికి రాదు. బ్రెజిలు దేశమున సావో కార్లోస్ నగరమునందు 1980 దశకమునుండి ఆముదపు పాలియురిథేనును ఎముకల లోపములను పూడ్చుటకై అభివృద్ధిచేసిరి. మన హైదరాబాదులో 1944లో నిజాం ప్రభుత్వ కాలమున వెలసి, నేడు భారత రసాయన సాంకేతిక సంస్థ యని పిలువబడు ప్రయోగశాలలో ఆముదము మొదలగు నూనెలనుండి పాలియురిథేను పూతలు చేయబడినవి; అవి శరీరమునకు గాక, వస్తువుల పైభాగమును కాపాడుటకు ఉద్దేశింపబడినవి.

ఆముదము త్రాగిన ముఖము ఎట్లుండునో బాలురకు చెప్పనక్కఱలేదు. కాని ఆ సమయమున కడుపులో ఏమి జరుగునో కొందఱే ఎఱుగుదురు. ప్రేగులోని రసములు ఆముదపు ఎస్టరు ముడులను విడదీసి రిసినోలిక్ ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లమే విరేచనమును కలిగించును. కరగు పాలియురిథేనులో జరుగవలసిన మార్పును ఇట్టిదే. కాని అది గంటలలో గాక నెలలలో జరుగును.

5. తయారుచేయు విధము

ఈ పనిని శిక్షణ పొందినవారు పొగగూటిలో, చేతితొడుగులు ధరించి చేయవలెను. పాఠశాలలో దీనిని చేయరాదు. కాగితముపై లెక్క చేసిన చాలును.

మొదట పాలియాలును వేడిచేసి, గాలిని తోడివేసి, అందలి తేమనంతయు తీయుదురు. తేమ మిగిలినచో ఐసోసయనేటు నీటితో వ్యర్థమగును. పిమ్మట నత్రజని నింపిన పాత్రలో రెంటిని కలిపి, సుమారు 60 మొదలు 80 డిగ్రీల వేడిమిలో గొలుసు ఏర్పడనిత్తురు. చర్యను త్వరపఱచుటకు తగరపు సమ్మేళనమును చిటికెడు వేయుట వాడుక. అది శరీరమునకు మంచిది కానందున దానిని మిక్కిలి తగ్గించుటయో, వేఱొకదానిని వాడుటయో చేయుదురు. రంధ్రములు కావలసినచో సన్నని ఉప్పుకణికలను కలిపి గట్టిపడనిచ్చి, పిదప నీటిలో నానవేయుదురు. ఉప్పు కరగిపోగా దాని చోటులు రంధ్రములై నిలుచును. ఆ రంధ్రములలోనే జీవకణములు కాపురముండవలెను.

పాళ్లు ఎట్లు కుదుర్తురో చూడుడు. ఆముదపు హైడ్రాక్సిలు సంఖ్య 163 అనుకొందము. 56,100ను 163చే భాగించగా సుమారు 344 వచ్చును. అనగా 344 గ్రాముల ఆముదమున ఒక తుల్యభారము కొక్కెములు గలవు. లైసిను ఇథైల్ ఎస్టరు డైఐసోసయనేటు అణుభారము 226. దానిలో రెండు సమూహములున్నందున తుల్యభారము 113. కావున 100 గ్రాముల ఆముదమునకు సుమారు 33 గ్రాములు కావలెను. హెచ్చైనచో విషము మిగులును. తక్కువైనచో గొలుసులు బలహీనమగును.

6. పరీక్షించు విధము

తయారుచేయుట సగము పనియే. పరీక్షలే రెండవ సగము.

(అ) తూకపు పరీక్ష. పదార్థపు చిన్నముక్కలను తూచి, శరీరద్రవమును పోలిన, 7.4 పీహెచ్ గల ఉప్పునీటిలో 37 డిగ్రీల వెచ్చదనమున నుంచుదురు. కొన్ని వారముల కొకసారి ముక్కను తీసి, కడిగి, ఆఱబెట్టి తూచుదురు. మాదిరికి, మొదట 200 మిల్లీగ్రాములున్న ముక్క 12 వారములకు 176 అయినదనుకొందము. తగ్గినది 24, నూటికి 12 పాళ్లు.

(ఆ) బలపు పరీక్ష. తూకము తగ్గకముందే బలము తగ్గవచ్చును. చెదలు తినిన దూలము పైకి నిండుగానే కనబడును. మోపిన బరువునకు కూలును. అట్లే లోపలి గొలుసులు చిన్నవియై పోవుచుండ ముక్క మాత్రము మొదటివలెనే తోచును. కావున లాగి తెంచు యంత్రముతో బలమును, వేఱొక సాధనముతో గొలుసుల సగటు పొడవును కొలుతురు.

(ఇ) ఆమ్లపు పరీక్ష. లాక్టిక్ ఆమ్లము మెల్లగా వెడలినచో రక్తము దానిని కొనిపోవును. ఒక్కసారిగా వెడలినచో అచ్చట పులుపు హెచ్చి గాయము వాచును. కావున ద్రవము యొక్క ఆమ్లతను తఱుచుగా చూచుచుండవలెను.

(ఈ) త్వరితపరీక్ష. సంవత్సరముల పర్యంతము వేచియుండలేక 70 డిగ్రీల వేడిమిలో పరీక్షించుటయు గలదు. రక్షకకణముల దాడిని అనుకరించుటకు ఉదజని పెరాక్సైడును కోబాల్టు లవణముతో కలిపి వాడుదురు. ఇవి తొందరగా ఫలితము నిచ్చును గాని, మగ్గవేసిన మామిడి చెట్టున పండిన మామిడితో ఎల్లప్పుడును సమానము కాదని మఱువరాదు.

(ఉ) జీవకణముల పరీక్ష. పదార్థమును నానవేసిన ద్రవమును ఎలుకజాతి జంతువునుండి తీసి పెంచిన కణములపై పోయుదురు. బ్రతికిన కణములు నూటికి 70 పాళ్లకు తగ్గినచో ఆ పదార్థము విషస్వభావము గలదని అంతర్జాతీయ ప్రమాణమునందు నిర్ణయింపబడినది. క్రొత్త పదార్థమును మాత్రమేగాక సగము అరిగినదానిని, దానినుండి వెడలిన ద్రవ్యములనుగూడ పరీక్షింపవలెను. 1991నాటి సంగతి నేర్పిన పాఠము ఇదియే.

ఇవి యన్నియు తీరిన పిదపనే జంతువులలోను, తుదకు అంగీకరించిన మనుష్యులలోను పరీక్షింతురు.

7. విద్యార్థులు చేయదగిన ప్రయోగము

గోనెనార, నూలు, నైలాను దారములను ఒకే పొడవున పండ్రెండేసి ముక్కలు కోయుడు. మూడు సీసాలలో చెఱువునీరును కొంత బురదయు వేసి, ఒక్కొక్క సీసాలో ఒక్కొక్క జాతిని ఉంచుడు. వారమున కొక ముక్క చొప్పున తీసి, కడిగి, ఎండబెట్టి తూచుడు. పిమ్మట దానికి చిన్నడబ్బా కట్టి, తెగువరకు ఇసుక పోయుడు. ఆ డబ్బాను ఇసుకతో కూడ తూచిన దారపు బలము తెలియును. తూకము ముందు తగ్గినదా, బలము ముందు తగ్గినదా? మీరు కనుగొనినదానినే వ్రాయుడు. పుస్తకమున నున్నదానిని వ్రాయకుడు. ప్రయోగానంతరము చేతులు సబ్బుతో కడుగుకొనుడు.

ముగింపు

ఏ చెట్టును లేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షమని మనవారు ఎగతాళిగా అందురు. కాని కొక్కెములు గల ఆ నూనెవంటిది మఱొకటి వెదకిన దొరకుట అరుదు. ప్రక్కింటి పప్పులోని లైసినును, పెరుగులోని పులుపును, గట్టుమీది ఆముదమును కాలిన బిడ్డ గాయమును మాన్పు పనికి సాయపడుచున్నవి. సృష్టికర్త మన చుట్టును ఉంచిన సామాన్యవస్తువులను తక్కువగా చూడరాదని దీనివలన తెలియుచున్నది.

మఱొక సంగతియు తెలియుచున్నది. పరుల శరీరములో నొక వస్తువును ఉంచువాడు ఆ వస్తువు పుట్టుకకే గాక దాని మరణమునకును బాధ్యుడు. "ఇది బాగుగా పనిచేయుచున్నది" అని చెప్పుట సులభము; "ఇది పోయిన పిదపనుగూడ హాని చేయదు" అని చెప్పుటకు ఏండ్లకొలది ఓర్పును, నిజమును దాచని మనస్సును కావలెను. మీలో ఎవరైన రేపు ప్రయోగశాలలో నిలిచి ఆ మాట చెప్పవలసి వచ్చినచో, తూచిన తూకమునే చెప్పుడు. ఇష్టమైన తూకమును చెప్పకుడు.